బుల్లి లారీ చేద్దామా.. కొలతే ప్రాణం!
ఆటబొమ్మకు, మోడల్ లారీకి తేడా కొలతలోనే ఉంది. ప్లాస్టిక్ లారీ కిట్లు ఎక్కువగా 1:24 స్కేల్‌లో వస్తాయి. అంటే అసలు బండి కొలతను 24తో భాగించాలి. 7.2 మీటర్ల లారీ 30 సెంటీమీటర్లు అవుతుంది. మీటరు ఎత్తు టైరు 4 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఒక్క చక్రం లెక్క తప్పినా బండంతా బొమ్మలాగే కనిపిస్తుంది.

కిట్లలో ఎక్కువగా యూరప్, అమెరికా బండ్లే ఉంటాయి. మన లారీ కావాలంటే చెక్క బాడీ, వెనక 'హారన్ ప్లీజ్' మనమే చేసుకోవాలి. కిట్ కొనలేకపోతే సన్‌బోర్డు, ఐస్‌క్రీం పుల్లలు చాలు. రంగు స్ప్రే మాత్రం మాస్కు పెట్టుకుని ఆరుబయటే కొట్టాలి.

అబ్బాజాన్ లారీ డ్రైవరా? అయితే టేపు పట్టుకుని ఆయన బండినే కొలవమనండి. పిల్లలకు లెక్కలొస్తాయి, ఆయన కష్టమూ తెలుస్తుంది.