చెల్లని నాణేలతో పరీక్ష

బిట్‌కాయిన్లు ఎప్పటికీ 2.1 కోట్లు దాటవన్నది ఆ నాణేన్ని నమ్మినవాళ్లకున్న పెద్ద హామీ. అయినా 2010 ఆగస్టు 15న, లావాదేవీలను వరుసగా రాసుకునే గొలుసులోని 74,638వ బ్లాకులో, ఒకే ఒక్క లావాదేవీ 18,400 కోట్లకు పైగా నాణేలను పుట్టించింది. దొంగ చేసిన గారడీ చిన్నదే. రెండు భారీ మొత్తాలు ఇచ్చి కూడమన్నాడు. ఆ కూడిక ప్రోగ్రాం పట్టగలిగిన అంకెను దాటి రుణసంఖ్యగా తిరగబడింది. రాబడిని మించి ఖర్చయిందా అని చూసే తనిఖీ, మించలేదని తలూపింది. కొన్ని గంటల్లోనే కొత్త వెర్షన్ వచ్చి ఆ బ్లాకును పక్కకు నెట్టింది. అప్పటికి ఒక్కో నాణెం ధర డాలరులో పదో వంతు కూడా లేదు కాబట్టి లోకం పెద్దగా పట్టించుకోలేదు.

అది కూడికలో తప్పు. ఒక్క కంప్యూటర్ ముందు కూర్చుని వెతికినా దొరికేదే. 2013 మార్చిలో వచ్చిన చిక్కు వేరు. బిట్‌కాయిన్ ప్రోగ్రాం కొత్తగా విడుదలైన 0.8 వెర్షన్‌లో వేరే డేటాబేస్‌కు మారింది. పాత వెర్షన్ల డేటాబేస్‌లో, ఒకేసారి ఇన్నింటికి మించి తాళాలు వేయలేనన్న పరిమితి ఒకటి ఎవరి దృష్టికీ రాకుండా దాగి ఉంది. 225,430వ బ్లాకు దగ్గర అది బయటపడింది. ఆ పెద్ద బ్లాకును కొత్తవి ఒప్పుకున్నాయి, పాతవి కాదన్నాయి. రెండు పంచాంగాలు ఒకే పండగను రెండు రోజుల్లో చూపినట్టు, ఒకే ఖాతా రెండుగా చీలి కొన్ని గంటలు సాగింది. చివరికి కొత్త వెర్షన్‌తో బ్లాకులు తవ్వుతున్న మైనర్లే వెనక్కి తగ్గారు. విడిగా చూస్తే కొత్తదీ నడిచేదే, పాతదీ ఏళ్లుగా నడుస్తున్నదే. రెంటినీ కలిపి నడిపితేనే కనబడే లోపమది. సిస్టమ్ టెస్టింగ్ ఇలాంటి వాటి కోసమే.

కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్ఐటీడీఎంలోనో, కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ఐటీలోనో చదివే పిల్లలు ఈ పరీక్షను సొంత ల్యాప్‌టాప్‌లోనే చేసి చూడొచ్చు. బిట్‌కాయిన్ కోర్ ప్రోగ్రాం ఉచితం. అందులో రెగ్‌టెస్ట్ అనే ఒంటరి లోకం ఉంది. అసలు నెట్‌వర్క్‌లో బ్లాకు రావడానికి సగటున 10 నిమిషాలు పడితే ఇక్కడ అడగ్గానే వస్తుంది. కొత్తగా తవ్విన నాణెం మీద మరో 100 బ్లాకులు పడితే గానీ ఖర్చుకు రాదు. బయట 16 గంటలకు పైగా పట్టే ఆ నిరీక్షణ ఇక్కడ ఒక్క ఆదేశంతో సరి.

పైథాన్‌లో రాసిన పరీక్షలు ఒకే యంత్రంలో నాలుగైదు నోడ్లను, అంటే ఆ ప్రోగ్రాం ప్రతుల్ని, లేపుతాయి. వాటి మధ్య సంబంధం తెంచి, ఒక్కో గుంపుతో వేరువేరు బ్లాకులు తవ్విస్తాయి. మళ్లీ కలుపుతాయి. ఎక్కువ పని పేరుకున్న గొలుసు వైపు అందరూ వచ్చారా? ఓడిన గొలుసులోని లావాదేవీ గల్లంతయిందా, తిరిగి వరుసలో చేరిందా? గడియారాన్ని ముందుకు తిప్పి, దొంగ బ్లాకులు పంపి కూడా చూస్తారు.

ఇంత చేసినా జారిపోయేవి ఉంటాయి. వేగం కోసం తీసేసిన ఒక తనిఖీ వల్ల, ఒకే లావాదేవీలో ఒకే నాణేన్ని రెండుసార్లు ఖర్చు చేసే వీలు బిట్‌కాయిన్‌లో ఏడాదికి పైగా ఉండిపోయింది. 2018 సెప్టెంబరులో ఎవరూ వాడుకోకముందే పట్టుకుని సరిచేశారు. దానికీ ఇప్పుడొక పరీక్ష ఉంది.

రెగ్‌టెస్ట్ తర్వాతి మెట్టు టెస్ట్‌నెట్. ప్రపంచమంతా పరుచుకున్న నిజమైన నెట్‌వర్కే, నాణేలు మాత్రం చెల్లవు. చెల్లనివాటికీ జనం ధర కట్టడం తమాషా. అమ్మకాలు మొదలయ్యాక ఆ టెస్ట్‌నెట్‌ను మూసి కొత్తది పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగోది. ఎథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్‌కు 2025 ఫిబ్రవరిలో ఇంతకంటే గట్టి పాఠం అందింది. పెక్ట్రా అనే మార్పును హోలెస్కీ టెస్ట్‌నెట్‌లో పెట్టగానే, కొన్ని ప్రోగ్రాముల అమరికలో ఒక కాంట్రాక్టు చిరునామా తప్పుగా ఉండటంతో నెట్‌వర్క్ చీలింది. కోలుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఎవరి సొమ్మూ పోలేదు. హూడీ అనే మరో టెస్ట్‌నెట్‌లో సరిచూసుకుని, మే 7న అసలు నెట్‌వర్క్‌లో మార్చారు.

ఈ సాంకేతికత మన పొలం గట్టు దాకా వచ్చే ప్రయత్నమూ జరిగింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల్ని బ్లాక్‌చెయిన్‌లో పెట్టే ప్రయోగానికి స్వీడన్ సంస్థ క్రోమావేతో చేయి కలిపింది. ఒకే నాణేన్ని రెండుసార్లు ఖర్చు చేయడమంటే రైతు భాషలో డబుల్ రిజిస్ట్రేషన్. ఒకే సర్వే నంబరును ఒకే పూట ఇద్దరికి రాసిస్తే? మధ్యలో నెట్ పోతే? ఇవన్నీ రెగ్‌టెస్ట్ లాంటి చోట ముందే ఆడించి చూడదగ్గ సందర్భాలు.

చుక్కల భూముల సంగతే వేరు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో, యజమాని తేలని చోట పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టారు. ఆ చిక్కు విప్పడానికి అదే 2017లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. గొలుసులోకి ఆ చుక్కలే ఎక్కితే నోడ్లన్నీ ఏకగ్రీవంగా వాటినే కాపాడతాయి. పరీక్షలన్నీ పాసవుతాయి. ఆ గడిలో ఎవరి పేరు రాయాలో తేల్చాల్సింది మాత్రం అనుభవ పత్రాలు ముందేసుకుని కూర్చున్న రెవెన్యూ అధికారులే.