పొగాకు నారు ఇంటి దగ్గర పెంచడం



మాది గోదావరి ఒడ్డున కోయ ఊరు. వరద తీసాక లంక భూముల్లో పొగాకు నాటుతారు. ఆ నారు ఎలా పెంచుతారో మా నాయనమ్మ చేస్తుంటే చూశాను. అది రాస్తున్నాను.

పొగాకు విత్తనం ఆవగింజ కంటే చాలా చిన్నది. ఒక్క గ్రాములో సుమారు 10 వేల గింజలు ఉంటాయి. వానాకాలంలో బయట చల్లితే వానకి కొట్టుకుపోతాయి. కాబట్టి కొంచెం నారు కావాలంటే ఇంటి చూరు కింద పెంచవచ్చు.

1. పగిలిన కుండ అడుగు భాగం తీసుకుని దానికి చిల్లు పెట్టాలి. నీళ్ళు నిలిస్తే నారు కుళ్ళిపోతుంది.

2. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి.

3. చిటికెడు విత్తనం గుప్పెడు సన్న ఇసుకలో కలిపి పైపైన చల్లాలి. మట్టి కప్పకూడదు. లోతుకి పోతే మొలవదు.

4. పైన పలచగా గడ్డి పరిచి, చేత్తో నీళ్ళు చిలకరించాలి. ధారగా పోయకూడదు.

5. వారం, పది రోజులకి మొలకలు వస్తాయి. అప్పుడు గడ్డి తీసేసి వెలుతురు తగిలేచోట పెట్టాలి. ఒత్తుగా ఉన్నవి పీకేయాలి.

6. ఆరు, ఏడు వారాలకి నాటుకోవచ్చు.

వంగ, టమాట, మిరప కూడా పొగాకు కుటుంబం మొక్కలే. వాటి నారు కూడా ఇలా కుండలో పెంచవచ్చు. కాని ఆ గింజల మీద కొంచెం మట్టి కప్పాలి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. పొగాకులో నికోటిన్ అనే విషం ఉంది. చుట్ట తాగకపోయినా, తడి ఆకు ముట్టుకుంటే అది చర్మం లోంచి ఒంట్లోకి పోతుంది. సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడు పొద్దున్నే మంచులో ఆకు కోయడానికి పోయాడు. మధ్యాహ్నానికి తల తిరిగి, వాంతులు చేసుకున్నాడు. గాలి సోకిందన్నారు. అది గాలి కాదు, ఆకు విషం. పిల్లలకి ఒళ్ళు చిన్నది కనుక తొందరగా ఎక్కుతుంది.

అందుకని పిల్లలు ఆకు పనికి పోకూడదు. పెద్దవాళ్ళు కూడా మంచు ఆరాకే పోవాలి. నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. రాగానే సబ్బుతో కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. వాంతులైతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మా ఇంట్లో చదవడం వచ్చింది నా ఒక్కదానికే. అందుకే ఈ సంగతి ఇంట్లో నేనే చెప్పాను. మీ ఊళ్ళో పొగాకు వేస్తే మీరు కూడా సెలవులకి పోయినప్పుడు చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని