చెవికీ గుండెకీ చుట్టరికం

కోడి ఈకతోనో దూది పుల్లతోనో గులిమి తీసుకుంటుంటే కొందరికి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. పుల్ల ఉన్నది చెవిలో, దగ్గేది గొంతు. ఈ వింతకు కారణం వేగస్ నాడి. మెదడు అడుగున బయల్దేరి గొంతు, ఊపిరితిత్తులు, గుండె మీదుగా పొట్ట దాకా దిగే ఈ నాడి, దారిలో ఒక చిన్న కొమ్మను చెవికి ఇచ్చి పోతుంది. జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ పేరుతో పిలిచే కొమ్మ అది. గుండె పరుగుకు కళ్లెం వేసేదీ ఈ వేగస్ నాడే.

చెవికి క్లిప్పు, గుండెకు నెమ్మది

అయితే చెవి దగ్గర ఆ కొమ్మను తట్టి గుండెను నెమ్మదింపజేయవచ్చా? అమెరికాలోని ఓక్లహామా వైద్యులు ఇదే పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. గుండె పై గదులు అప్పుడప్పుడూ లయ తప్పి గజిబిజిగా అదిరే జబ్బు (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ఉన్న 53 మందిని తీసుకున్నారు. సగం మందికి చెవి రంధ్రానికి ముందుండే మెత్తటి బుడిపెకు క్లిప్పు పెట్టి, రోజుకు గంట చొప్పున 6 నెలలు సన్నటి విద్యుత్తు పంపారు. మిగతావారికి అదే క్లిప్పును చెవి తమ్మెకు పెట్టారు. తమ్మెలో ఆ కొమ్మ ఉండదు కాబట్టి, పోల్చి చూడటానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. 6 నెలలు తిరిగేసరికి బుడిపెకు పెట్టించుకున్నవారిలో లయ తప్పిన సమయం రెండో జట్టు కన్నా 85 శాతం తక్కువగా తేలింది. 53 మంది చిన్న సంఖ్యే. ఇది ఇంట్లో చేసుకునే వైద్యమూ కాదు. అయినా జట్లను విడదీసిన ఆ తీరు నాకు ఎంతో నచ్చింది.

చీము కోసం పుట్టి, గుండెకు పనికొచ్చిన ఊపు

విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తే ముక్కు మూసుకుని గట్టిగా ఊదుతాం కదా, ఆ ఉపాయానికి ఇటలీ వైద్యుడు వాల్సాల్వా పేరు. 1704లో చెవి మీద రాసిన గ్రంథంలో, మధ్య చెవిలో చేరిన చీమును బయటికి నెట్టడానికి ఆయన దీన్ని చెప్పాడు. తర్వాతి కాలంలో గుండె వైద్యులు దీన్ని అందిపుచ్చుకున్నారు. అలా బిగపట్టి వదిలితే వేగస్ నాడి మేలుకుంటుంది, ఉన్నట్టుండి నిమిషానికి 150 దాటి పరుగెత్తే గుండె కొన్నిసార్లు దారిలో పడుతుంది.

కొన్నిసార్లే. అందుకే ఇంగ్లండులోని 10 ఆసుపత్రులు 428 మందితో ఒక చిన్న మార్పు చేసి చూశాయి. రోగి 15 సెకన్లు బిగపట్టి ఊదగానే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు 15 సెకన్ల పాటు పైకెత్తి పట్టుకున్నారు. అంతే! పాత పద్ధతిలో 17 శాతం మందికే గుండె సర్దుకుంటే, కాళ్లు ఎత్తినవారిలో 43 శాతం మందికి సర్దుకుంది. 2015లో వచ్చిన ఈ ఫలితానికి కొత్త మందు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ఆసుపత్రి మంచం, పట్టుకునే మనిషి ఉంటే చాలు.

చుట్టు తిరిగే నాడి

వేగస్ నుంచే చీలి గొంతు పెట్టెకు వెళ్లే ఎడమ వైపు నాడి తిన్నగా వెళ్లదు. మెడ దాటి ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని కింద మలుపు తీసుకుని మళ్లీ పైకి ఎక్కుతుంది. జిరాఫీలో ఈ చుట్టు ప్రయాణం సుమారు 4.6 మీటర్లు! మనిషిలో దీనివల్ల ఒక చిక్కుంది. గుండె గది ఉబ్బినా, ధమని వాచినా నాడి నలిగి గొంతు బొంగురుపోతుంది. 1897లో ఓర్ట్‌నర్ అనే వైద్యుడు ఈ సంగతి రాసిపెట్టాడు. గొంతు బొంగురని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లినవారికి ఒక్కోసారి గుండె జబ్బు బయటపడేది ఇలాగే.



  

1856, 1957

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఈ కథ. 1856లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మైస్నర్ అనే వైద్యుడు ఒక బధిర బాలిక గురించి రాశాడు. ఏదో చిన్న తప్పు చేసిందని బడి పెద్ద ముందుకు పిలిచారు. ఆ పిల్ల నిలబడ్డచోటే కుప్పకూలి చనిపోయింది. కబురు విన్న తల్లిదండ్రులు ఆశ్చర్యపోలేదు. వాళ్ల బిడ్డలు ఇద్దరు అంతకు ముందే అలాగే, ఒకరు భయంతో, ఒకరు కోపంతో ఊగిపోయి పోయారు.

నూరేళ్ల తర్వాత, 1957లో, నార్వేలో యెర్వెల్, లాంగె-నీల్సన్ అనే వైద్యులు ఒక కుటుంబాన్ని చూశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టు చెవుడు, స్పృహ తప్పి పడిపోవడం. అందులో ముగ్గురు 4, 5, 9 ఏళ్లకే హఠాత్తుగా పోయారు. ఈసీజీ తీస్తే, కొట్టుకున్న ప్రతిసారీ గుండె తిరిగి సిద్ధమవడానికి మామూలు కన్నా ఎక్కువ సేపు పడుతోంది. 1990ల చివర జన్యువు దొరికాక ముడి విడింది. లోపలి చెవి ద్రవంలోకి పొటాషియాన్ని వదిలే ద్వారమూ, గుండె కణం నుంచి పొటాషియాన్ని బయటికి పంపే ద్వారమూ ఒకటే. ఆ ద్వారం చెడితే రెండు చోట్లా చెడుతుంది.

ఇది అరుదైన జబ్బు. తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే వస్తుంది. కాబట్టి మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతంలో దీన్ని మరింత శ్రద్ధగా వెతకాలి. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్‌కు తెచ్చే పసివాళ్లలో, ఆడుకుంటూనో ఏడుస్తూనో పడిపోయిన బిడ్డ ఉంటే ఆ పడిపోవడాన్ని మూర్ఛ అనుకుని వదిలేసే ప్రమాదముంది. మత్తు ఇచ్చే ముందు ఒక్క ఈసీజీ తీస్తే కాగితం మీద ఆ సాగిన అల కనబడుతుంది. సూది గుచ్చే పని లేదు, బిడ్డ తల్లి ఒడిలో పడుకుని ఉండగానే అయిపోతుంది.