పద్దెనిమిది నిండాయని భరణం ఆపేశారా?

బీటెక్ ఫస్టియర్లో ఉండగా ఓ రాత్రి నా రూమ్మేట్ ల్యాప్‌టాప్ కాసేపు ఇవ్వమని అడిగాడు. అసైన్‌మెంట్ కోసమేమో అనుకున్నా. చూస్తే, వాళ్లమ్మ వాట్సాప్‌లో పంపిన బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు ముందు పెట్టుకుని ఎక్సెల్‌లో నెలల పేర్లు కొడుతున్నాడు. పక్కన మూడు గడులు: రావాల్సింది, వచ్చింది, బాకీ. రావాల్సింది ప్రతి నెలా తొమ్మిది వేలు. వచ్చిన గడిలో వరసగా పద్నాలుగు సున్నాలు.

అమ్మానాన్నా విడిపోయాక అమ్మకి, వాడికి, ఇంటర్ చదువుతున్న చెల్లికి తలా మూడు వేలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. కొన్నేళ్లు డబ్బు వచ్చింది, తర్వాత ఆగింది. టైలరింగ్ మీద ఇల్లు నడుపుతున్న ఆ తల్లి ‘మళ్లీ కోర్టు మెట్లు ఎక్కడమా, నలుగురూ ఏమనుకుంటారో’ అని ఊరుకుంది. కాలేజీ ఫీజు గడువు మీదికొచ్చాక లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన రెండు విషయాలు చెప్పారు. ఒకటి, మొదటి రెండు నెలల బాకీ ఏడాది దాటిపోయింది కాబట్టి ఆ పద్దెనిమిది వేలకి వారెంటు అడగలేం. రెండు, అబ్బాయికి ఈమధ్యే పద్దెనిమిది నిండాయి కాబట్టి ఇకపై అతని వాటా రాదు.

రెండో మాట విన్నప్పుడు వాడి ముఖం నాకింకా గుర్తుంది. ఇంజినీరింగ్ సీటు వచ్చిన ఏడాదే పిల్లాడి ఖర్చు అయిపోయిందనడం ఏం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ చట్టం అలాగే ఉంది. అది ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆగదో తెలిసుంటే మీ ఇంట్లో ఫీజు గురించిన నిర్ణయం వేరుగా ఉండొచ్చు. అమ్మ ఒక్కతే పెంచిన పిల్లలు, నాన్న ఒక్కడే పెంచిన పిల్లలు మీ క్లాసులోనూ ఉంటారు. మీరే అయ్యుండొచ్చు కూడా.

ముందు సెక్షన్ల సంగతి చూద్దాం. ఇన్నాళ్లూ మనం విన్న సీఆర్‌పీసీ సెక్షన్ 125 ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 144 వచ్చింది. నంబరు మారింది గానీ విషయం దాదాపు అదే. స్తోమత ఉండి కూడా భార్యని, మైనర్ పిల్లల్ని పోషించకపోతే నెలకి ఇంత ఇవ్వాలని కోర్టు ఆదేశిస్తుంది. తల్లిదండ్రుల పెళ్లి చట్టబద్ధమా కాదా అన్నది పిల్లల హక్కుకి అడ్డం కాదు. ‘ఎంత తిరిగినా ఐదొందలేగా ఇచ్చేది’ అని ఊళ్లో పెద్దవాళ్లు అంటుంటారు. ఆ ఐదొందల పరిమితిని 2001లోనే తీసేశారు. కేసు తేలేలోగా మధ్యంతర భరణం అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకూ దాన్ని తేల్చాలని చట్టమే చెబుతోంది. అంత త్వరగా తేలడం అరుదనుకోండి.

ఇక పద్దెనిమిది గీత. సెక్షన్ 144 కింద మేజర్ అయిన పిల్లలకి భరణం రాదు. శారీరక, మానసిక వైకల్యం వల్ల తమను తాము పోషించుకోలేని వాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది. ‘వాడు మేజరయ్యాడుగా, ఇంకేం ఇవ్వాలి’ అనే తండ్రి ఈ గీత పట్టుకునే మాట్లాడతాడు. అయితే కథ అక్కడితో అయిపోలేదు.

అమ్మాయిలకి వేరే దారి ఉంది. హిందూ దత్తత, పోషణ చట్టం 1956లో సెక్షన్ 20 ప్రకారం పెళ్లికాని కూతురు సొంత సంపాదనతో గానీ ఆస్తితో గానీ బతకలేని స్థితిలో ఉంటే ఆమెను పోషించే బాధ్యత పద్దెనిమిది తర్వాతా కొనసాగుతుంది. హర్యానాలోని రేవారిలో మొదలైన ఓ కేసులో సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరులో ఈ సంగతి విడమరిచి చెప్పింది. ఆ అమ్మాయికి 2005లో పద్దెనిమిది నిండాయి. పాత సెక్షన్ 125 కింద ఆ తర్వాతా ఇవ్వమంటే కుదరదని కోర్టు తేల్చింది. సెక్షన్ 20 కింద మాత్రం అడగొచ్చంది. ఫ్యామిలీ కోర్టుకి రెండు చట్టాల కిందా అధికారం ఉంటుంది కాబట్టి, తగిన కేసుల్లో విడిగా ఇంకో దావా అవసరం లేకుండా అక్కడే ఇప్పించవచ్చనీ చెప్పింది. అంటే ఏ సెక్షన్ కింద అడుగుతున్నాం అన్నదే ఇక్కడ కీలకం. పిటిషన్‌లో ఆ ఒక్క లైను లేకపోతే ఏళ్లకేళ్లు పోతాయి. ముస్లిం కుటుంబాల పిల్లలకీ పాత సెక్షన్ 125 వర్తిస్తుందనీ, కూతుళ్లకి పెళ్లయ్యేవరకూ ఆ హక్కు ఉంటుందనీ 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అబ్బాయిలకి అంత సూటి దారి లేదు. నిజం చెప్పాలంటే ఇక్కడ చట్టం కాలం వెంట నడవలేదు. పద్దెనిమిదికి ఎవరి చదువు పూర్తవుతుంది చెప్పండి? 2021లో ఢిల్లీ హైకోర్టు ఓ కేసులో ఇదే ప్రశ్న వేసుకుంది. కొడుకు మేజర్ అయినంత మాత్రాన వాడి చదువు భారమంతా తల్లి మీదే పడేయకూడదంటూ, ఆ ఖర్చు మోస్తున్న తల్లికి నెలకి 15 వేలు ఇప్పించింది. డబ్బు కొడుకు పేరున కాదు, తల్లి పేరున వచ్చిందని గమనించండి. ఇది మన హైకోర్టులు తప్పక పాటించాల్సిన తీర్పు కాదు గానీ, మీ లాయర్ వాదనలో చూపించుకోవచ్చు. మరో దారి రాజీ. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేటప్పుడు రాసుకునే ఒప్పందంలో ‘మైనారిటీ తీరేవరకూ’ అని కాకుండా ‘డిగ్రీ చదువు పూర్తయ్యేవరకూ కాలేజీ, హాస్టల్ ఫీజులు’ అని రాయించుకోవచ్చు. మీ ఇంట్లో గానీ, అక్క జీవితంలో గానీ అలాంటి మాటలు నడుస్తుంటే సంతకాలకి ముందే ఆ వాక్యం ఉందో లేదో చూడండి.

ఎంత అడగాలి అన్నదానికి అందరూ చదవాల్సింది 2020 నవంబరు 4న వచ్చిన రజనీష్ వర్సెస్ నేహా తీర్పు. ఇచ్చిన ఇద్దరు జడ్జీలు జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన మెదక్ జిల్లాకి చెందిన జస్టిస్ ఆర్.సుభాష్‌రెడ్డి. 2013లో వేసిన మధ్యంతర భరణం దరఖాస్తు ఏడేళ్లు తిరిగి తిరిగి సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ఇలా ఇంకెవరికీ జరగకూడదని కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలి. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రే భరించాలి, తల్లికీ తగినంత సంపాదన ఉంటే దామాషాలో పంచుకోవచ్చు. స్కూలు ఫీజొక్కటే కాదు, కోచింగ్ క్లాసులు, వృత్తి శిక్షణ కోర్సులు కూడా అందులో లెక్కే. ఇంటర్‌తోపాటు ఈఏపీసెట్, జేఈఈ కోచింగ్‌కి కట్టే మన రాష్ట్రాల్లో ఈ మాట ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. రశీదులు మాత్రం దాచుకోవాలి.

ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలన్నది ఆ తీర్పులో అసలు పట్టు. జీతం, బ్యాంకు ఖాతాలు, ఐటీ రిటర్నులు, వాహనాలు, పెట్టుబడులు అన్నీ చూపించాలి. వ్యవసాయ కుటుంబాలకి విడిగా ఒక నమూనా ఉంది. అందులో మాగాణా మెట్టా, ఎంత భూమి, పశువులెన్ని అన్నదాకా అడుగుతారు. ‘నాకు ఉద్యోగం లేదు’ అన్నా తప్పించుకోవడం కష్టమే. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి కూలి పని చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో మరో కేసులో సుప్రీంకోర్టు అంది.

ఈ నిజాయితీ రెండువైపులా ఉండాలి. అమ్మకి వచ్చే నాలుగు వేల కుట్టుకూలీ, అక్కకి వచ్చే ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ అఫిడవిట్‌లో దాచారనుకోండి, అబద్ధపు ప్రమాణం కింద మీ మీదే చర్యలు ఉండొచ్చు. సెక్షన్ 20 కింద భరణం తీసుకుంటున్న అమ్మాయికి క్యాంపస్ సెలక్షన్‌లో ఉద్యోగం వస్తే ఆ సంగతి కోర్టుకి చెప్పాల్సిందే. ‘అమ్మ సంపాదిస్తోంది కదా, అడగడానికి ఏముంది’ అని వెనక్కి తగ్గడం మాత్రం అనవసరం. పిల్లల్ని నాన్నే పెంచుతుంటే, సంపాదిస్తున్న తల్లి కూడా బాధ్యురాలే. 1956 చట్టంలో ఆ బాధ్యత స్త్రీ పురుషులిద్దరిదీ.

ఆర్డర్ వచ్చింది గానీ మొత్తం చాలలేదు. లేదా అవతలివాళ్లు పైకోర్టుకి వెళ్లారు. ఇప్పుడేం చేయాలి? ఇక్కడ చాలామంది తికమక పడతారు. ఫ్యామిలీ కోర్టు సెక్షన్ 144 కింద, పాతదైతే 125 కింద, ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీలు ఉండదు. హైకోర్టులో రివిజన్ వేయాలి. ఫ్యామిలీ కోర్టు లేనిచోట మేజిస్ట్రేట్ ఇచ్చిన ఆర్డరైతే సెషన్స్ కోర్టుకైనా వెళ్లొచ్చు. రివిజన్‌కి గడువు 90 రోజులు. గృహహింస చట్టం కింద వచ్చిన భరణం ఆర్డరైతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు. ఫ్యామిలీ కోర్టు ఇతర చట్టాల కింద ఇచ్చిన తుది తీర్పు మీదైతే హైకోర్టులో అప్పీలు, దానికీ 30 రోజులే. అందుకే ఆర్డర్ కాపీ చేతికి రాగానే మొదటి పేజీలో ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ తేదీ అని చూడాలి. అవతలివాళ్లు రివిజన్ వేశారన్న కబురు రాగానే డబ్బు ఆగిపోయిందనుకోకండి. పైకోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది.

ఒక్కోసారి పైకోర్టు దాకా వెళ్లే పనే ఉండదు. ఆర్డర్ వచ్చినప్పుడు పిల్ల ఐదో తరగతి, ఇప్పుడు ఇంటర్. పరిస్థితులు మారాయి కాబట్టి మొత్తం పెంచమని అదే కోర్టులో సెక్షన్ 146 కింద అడగొచ్చు. ఇది పాత సెక్షన్ 127. నా రూమ్మేట్ వాళ్లమ్మ చెల్లి కోసం చేసింది ఇదే. హైకోర్టు ఖర్చు తప్పింది.

ఇక బాకీలు. నా దృష్టిలో ఎక్కువ కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే. డబ్బు రావాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేస్తేనే ఆ నెల బాకీకి కోర్టు వారెంటు ఇస్తుంది. ఏడాది దాటితే హక్కు చచ్చిపోదని, ఆ సులువైన దారి ఒక్కటే మూసుకుపోతుందని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వేరే దారంటే మళ్లీ సమయం, మళ్లీ ఖర్చు. జైలుకి పంపితే బాకీ చెల్లిపోతుందనే అపోహ కూడా ఉంది. లేదు. జైలు కట్టించుకోవడానికే, కట్టినట్టు కాదని కోర్టు ఎప్పటినుంచో చెబుతున్న మాటే.

మీరు చేయగలిగిన సాయం అంతా ఇక్కడే ఉంది, పైగా మీకు బాగా వచ్చిన పనే. అమ్మ ఖాతా స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకోండి. నెల, రావాల్సింది, వచ్చిన తేదీ, వచ్చింది, బాకీ అని ఐదు గడుల షీట్ చేయండి. ఆరో గడిలో రావాల్సిన తేదీకి ఏడాది కలిపి చివరి తేదీ వేయండి. ఆ తేదీకి రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. యూపీఐ ద్వారా వచ్చిన చిన్న మొత్తాలు కూడా రాయాలి. అవి దాచిపెడితే అవతలి లాయర్ మొదట పట్టుకునేది వాటినే. వాట్సాప్ మెసేజ్‌లను స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకండి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి, ఫోన్ మార్చినా పాతది పారేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడగొచ్చు. అది లాయర్ చూసుకుంటారు.

కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి ప్రతిసారీ లాయర్ గుమస్తాకి ఫోన్ చేయక్కర్లేదు. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు కొడితే తర్వాతి వాయిదా కనిపిస్తుంది, అప్‌లోడ్ చేసిన ఆర్డర్లూ దొరుకుతాయి. యాప్ మామూలుగానే ఉంటుంది, అప్పుడప్పుడూ క్యాప్చా విసిగిస్తుంది. అయినా మా రూమ్మేట్ వాళ్లమ్మ వాయిదా తెలుసుకోవడానికి బస్సెక్కి కోర్టు దాకా వెళ్లొచ్చిన రోజులతో పోలిస్తే ఇది స్వర్గం.

లాయర్ ఫీజు భయం ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, ఆఫీసు సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, కోర్టు ఖర్చులు కూడా వాళ్లే చూస్తారు. ఉచిత హెల్ప్‌లైన్ 15100. వెళ్లేటప్పుడు పాత ఆర్డర్ కాపీ, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఫీజు రశీదులు, మీరు చేసిన ఆ షీట్ ప్రింటు తీసుకెళ్లండి.

మా వాడి షీట్‌లో మిగిలిన పన్నెండు నెలల బాకీకి దరఖాస్తు వేశారు. వారెంటు అనే మాట వినగానే అవతలివైపు నుంచి డబ్బు విడతలవారీగా రావడం మొదలైంది. తన ఫీజుకి మాత్రం వాడు బ్యాంకు లోనే తీసుకున్నాడు. పోయిన నెల చివరి ఈఎంఐ కట్టి నాకు స్క్రీన్‌షాట్ పంపాడు.