కొండ బాటలో సైకిల్

కాలవ గట్టు మీద సైకిల్ తొక్కడం గోదావరి జిల్లాల ఆడపిల్లలకు కొత్త కాదు. బడికి సైకిల్ మీదే పోతారు. పాల క్యాను, గడ్డిమోపు, బియ్యం మూట అన్నీ సైకిల్ మీదే వస్తాయి. ఇక్కడి నేల చదును. తొక్కడం తేలిక.

రాజమండ్రి నుంచి ఉత్తరంగా వెళ్తే గోకవరం దాటాక నేల తీరు మారుతుంది. కొండలు వస్తాయి. అడవి వస్తుంది. రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. దగ్గరలోనే పాపికొండల జాతీయ పార్కు వుంది. ఇది 1978లో అభయారణ్యం అయింది. 2008లో జాతీయ పార్కు అయింది. దీని విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు.

ఇలాంటి కొండ అడవుల్లో సైకిల్ తొక్కడం ఇప్పుడు చాలా దేశాల్లో ఒక ఆట. పట్నం వాళ్ళు అడవి చూడ్డానికి వస్తారు. కాలిబాట కనిపిస్తే అందులో సైకిల్ దింపాలని ముచ్చట పడతారు. ముచ్చట తప్పు కాదు. కానీ ఆ బాట ఏమవుతుంది? ఆ బాట మీదే నెత్తిన మోపు పెట్టుకుని నడిచే ఆడవాళ్ళ సంగతి ఏమిటి?

ఈ ఆట ఎక్కడ పుట్టింది?

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో అనే పెద్ద పట్నం వుంది. దాని దగ్గర తమల్పాయిస్ అనే కొండ వుంది. 1970ల్లో కొందరు కుర్రవాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు తీసుకుని ఆ కొండ మీద నుంచి కిందికి దిగడం మొదలుపెట్టారు. ఆ సైకిళ్ళకు పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడేది. ఏటవాలులో దిగేసరికి బ్రేకు కాలిపోయేంత వేడెక్కేది. లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు పెట్టుకోవాల్సి వచ్చేది. 1976లో అక్కడ పందేలు కూడా పెట్టారు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన కొండల కోసమే కొత్త సైకిల్ తయారు చేశాడు.

ఆ తొలి గుంపులో ఒక స్త్రీ కూడా వుంది. ఆమె పేరు వెండీ క్రాగ్. ఆమె సైకిల్ తొక్కింది, ఫోటోలు కూడా తీసింది. ఆ రోజులు ఎలా వుండేవో ఇప్పుడు ఆమె ఫోటోలు చూసే తెలుసుకుంటున్నారు. 1996లో ఈ ఆట ఒలింపిక్స్‌లో చేరింది. మొదటి ఏడు ఆడవాళ్ళ పందెంలో ఇటలీకి చెందిన పావోలా పెజ్జో బంగారు పతకం గెలిచింది.

అయితే తమల్పాయిస్ కొండ మీద తగాదా కూడా వచ్చింది. తొక్కేవాళ్ళు పెరిగారు. నడిచేవాళ్ళు భయపడ్డారు. బాటలు కోసుకుపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. చివరికి ఇరుకు బాటల్లో సైకిళ్ళు వద్దన్నారు.

ఈ సైకిల్ ఎలా వుంటుంది?

కొండ సైకిల్ టైరు లావుగా వుంటుంది. టైరు మీద మొటిమల్లా గట్టి బుడిపెలు వుంటాయి. అవి మట్టిని పట్టుకుంటాయి. జారనివ్వవు.

దీనికి గేర్లు వుంటాయి. అంటే చిన్నా పెద్దా పళ్ళ చక్రాలు. ఎత్తు ఎక్కేటప్పుడు గొలుసును తేలిక గేరులోకి మారుస్తారు. అప్పుడు పెడల్ ఎక్కువ సార్లు తొక్కాలి. కానీ ప్రతి తొక్కుకీ బలం తక్కువ చాలు. బరువుతో మెట్లు ఎక్కేటప్పుడు పెద్ద అంగలు వెయ్యం కదా! చిన్న అడుగులు వేస్తాం. గేరు పనీ అంతే.

బాటను తినేది ఎవరు?

చక్రం బాటను పాడు చేస్తుందని అందరూ అనుకుంటారు. కొంత నిజమే. కానీ అసలు సంగతి వేరు. బాటను తినేది నీరు.

బాట మీద మనిషి నడిచినా, పశువు నడిచినా, చక్రం తిరిగినా గడ్డి చచ్చిపోతుంది. మట్టి కదులుతుంది. వాన పడ్డప్పుడు నీటికి దారి కావాలి. బాట కొండ మీద నుంచి నిట్టనిలువుగా కిందికి దిగితే నీరు ఆ బాటలోనే పరుగెడుతుంది. మొదట వేలెడు పాయ పడుతుంది. తర్వాత జానెడు గుంట అవుతుంది. నాలుగు వానాకాలాలు గడిస్తే మనిషి దిగే గండి అవుతుంది. ఆ మట్టి వాగులోకి పోతుంది. పాపికొండల వాగుల నీరు గోదావరిలోకే వస్తుంది. కొండ మీద పోయిన మట్టి మళ్ళీ కొండ ఎక్కదు.

అమెరికాలోని మోంటానాలో కొందరు పరిశోధకులు తడి బాటల మీద పరీక్షలు చేశారు. మనుషుల్ని నడిపించారు. గుర్రాల్ని నడిపించారు. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు తొక్కించారు. ఆ ఫలితం 1994లో అచ్చయింది. సైకిళ్ళ కంటే గుర్రపు డెక్కలు, మనుషుల అడుగులే మట్టిని ఎక్కువ కదిలించాయని తేలింది. అంటే సైకిల్ ఒక్కటే దొంగ కాదు. ఎవరు నడిచినా, బాట సరిగా లేకపోతే నష్టమే.

మంచి బాట ఎలా వేస్తారు?

కొండ బాట వేసేవాళ్ళు కొన్ని సూత్రాలు పాటిస్తారు.

మొదటిది, బాట నిలువుగా దిగకూడదు. కొండ నడుము చుట్టూ వడ్డాణం పెట్టినట్టు అడ్డంగా పోవాలి. పది అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు మించకుండా చూస్తారు.

రెండోది, బాట లోయ వైపు కొంచెం వాలుగా వుండాలి. ఇంటి అరుగు వీధి వైపు కొద్దిగా వాల్చి కడతారు. ఎందుకు? నీరు నిలవకుండా. ఇదీ అంతే. బాట మీద పడ్డ నీరు బాట వెంట పరుగెత్తకుండా పక్కకి జారిపోవాలి.

మూడోది, దిగే బాట మధ్య మధ్యలో కొంచెం పైకి లేవాలి. అక్కడ నీటి పరుగు ఆగుతుంది. పల్లంలోంచి పక్కకి పోతుంది.

ఈ మూడూ వుంటే బాట చాలాకాలం నిలుస్తుంది. లేకపోతే ఎన్ని తట్టల మట్టి పోసినా వానకు పోతుంది.

తొక్కేవాళ్ళు ఏం చెయ్యాలి?

బాట తడిగా వున్నప్పుడు తొక్కకూడదు. చక్రం జాడ మట్టిలో లోతుగా దిగితే వెనక్కి తిరగాలి. వానాకాలం బాటకు విశ్రాంతి కాలం.

దిగేటప్పుడు బ్రేకు ఒక్కసారి బిగించకూడదు. చక్రం ఆగిపోయి ఈడ్చుకుపోతే నాగలి చాలు తీసినట్టు మట్టి లేస్తుంది. రెండు బ్రేకులూ మెల్లగా పట్టాలి.

దారిలో బురద గుంట వుంటే పక్కకి తొక్కుకుపోకూడదు. దిగి, గుంటలోంచే సైకిల్ నడిపించుకుపోవాలి. ఒకరు పక్కనుంచి పోతే పదిమంది పోతారు. ఇరుకు బాట వెడల్పు రోడ్డు అవుతుంది. మొక్కలు చస్తాయి.

నడిచేవాళ్ళు ఎదురైతే సైకిల్ దిగి దారి ఇవ్వాలి. నెత్తిన బరువున్న మనిషి పక్కకి తప్పుకోలేదు. దిగే సైకిల్, ఎక్కే సైకిల్ ఎదురైతే దిగేవాళ్ళే ఆగాలి.

జంతువుల సంగతి మరువకూడదు. పాపికొండల్లో పులి వుంది. చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, కణుజు వున్నాయి. నల్లత్రాచు వుంది. నడిచే మనిషి అలికిడి జంతువుకు ముందే తెలుస్తుంది. అది తప్పుకుంటుంది. సైకిల్ చప్పుడు లేకుండా, వేగంగా వస్తుంది. మలుపులో ఎలుగుబంటి ఉలిక్కిపడితే మీదపడుతుంది. అందుకే మలుపుల్లో మెల్లగా పోవాలి. గంట కొట్టాలి. ఒంటరిగా పోకూడదు. చీకటి పడ్డాక అసలే వద్దు. 2024 సెప్టెంబరులో రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువు అడవిలో చిరుత కనిపించింది. తర్వాత కడియం నర్సరీల వైపు వచ్చింది. ఆ రోజుల్లో ఊళ్ళ వాళ్ళు ఎంత భయపడ్డారో గుర్తుండే వుంటుంది. జంతువు ఇంటికి పోయేటప్పుడు మనకే జాగ్రత్త ఎక్కువ కావాలి.

బాట ఎవరిది?

వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. జాతీయ పార్కు గుండా పోయే ప్రజా రహదారి మీద ఎవరైనా వెళ్ళవచ్చు. రోడ్డు దిగి లోపలికి పోవాలంటే బయటివాళ్ళకు అటవీ శాఖ అనుమతి కావాలి. నిప్పు పెట్టకూడదు. ఆయుధాలు తేకూడదు. జంతువుల్ని బెదిరించకూడదు.

ఆ కొండల్లో కొండరెడ్లు తరతరాలుగా వుంటున్నారు. అడ్డాకులు, చింతపండు, తేనె, చీపురుపుల్లలు ఆ బాటల మీదే సంతకు వస్తాయి. పురిటి నొప్పులు వచ్చిన తల్లిని డోలీలో మోసుకొచ్చేదీ అలాంటి బాటల మీదే. పట్నం మనిషికి అది ఒక రోజు ఆట. వాళ్ళకు అది బతుకు. బాట తెగితే పట్నం మనిషి ఇంకో చోటికి పోతాడు. ఆ తల్లి ఎక్కడికి పోతుంది?

అందుకే బాట గురించి మాట్లాడేటప్పుడు ఊరి మాట ముందు వినాలి. దానికి ఒక దారి వుంది. రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. వీటిలో ఇంటికి ఒక మగవాడు, ఒక ఆడమనిషి సభ్యులు. మారేడుమిల్లిలో ఇలాంటి సమితులు అటవీ శాఖతో కలిసి, వచ్చేవాళ్ళకు బస ఏర్పాటు చేసే పని చేపట్టాయి. సైకిళ్ళకు బాట ఇవ్వాలన్నా ఇలాగే కూర్చుని మాట్లాడుకోవాలి. ఏ బాట ఇవ్వాలి? ఏ నెలల్లో మూయాలి? దారి చూపే కూలి ఎవరికి? గండి పూడ్చే కూలి ఎవరు ఇవ్వాలి? సభ్యత్వం వున్న ఆడవాళ్ళు ఈ ప్రశ్నలు నోరు తెరిచి అడగాలి. తీర్మానం చదివాకే సంతకం పెట్టాలి.

సైకిల్ అంటే ఆడవాళ్ళకు చులకన లేదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాలతో పాటే సైకిల్ కూడా నేర్చుకున్నారు. లక్ష మందికి పైగా పల్లె ఆడవాళ్ళు సైకిల్ ఎక్కారు. ఒకరి కోసం ఎదురు చూడకుండా పనికి, సంతకు, ఆస్పత్రికి పోగలిగారు. చక్రం మంచిదే. దాని కింద వున్న బాట కూడా బాగుండాలి.

ఆలోచించండి

మీ ఊరి గట్టు వానకు ఎక్కడ తెగుతుంది? అక్కడ నీరు బాట వెంట పోతోందా, పక్కకి పోతోందా?

ఆ బాటను బాగు చేయించమని పంచాయతీకి ఒక అర్జీ రాయండి. పదిమంది సంతకాలు పెట్టించండి.