ఫొటోల హార్డ్ డిస్క్ మొరాయిస్తే

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహం ఊరు దాటి గుడికి చేరిన తర్వాత, ఆ పనితనానికి శిల్పశాలలో మిగిలే ఆధారం చాలావరకు దాని ఛాయాచిత్రమే. మహానందిలోనో అహోబిలంలోనో జరిగిన పెళ్లి ఫొటోలను దాచే బాధ్యత నంద్యాల స్టూడియోలది. ఇటువంటి చిత్రాలెన్నో నేడు అరచేతిలో ఇమిడే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లలో ఉంటున్నాయి. ఆ డిస్క్ ఒకనాడు తెరుచుకోకపోయినంత మాత్రాన చిత్రాలు పోయినట్టు కాదు. కంగారులో చేసే ప్రయత్నాలే తరచుగా వాటిని తిరిగి రాకుండా చేస్తాయి.

డిస్క్ లోపల అయస్కాంత పూత గల గుండ్రని పలకలు, అంటే ప్లాటర్లు, సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుండగా, సమాచారాన్ని చదివి రాసే హెడ్ వాటిని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తున కదులుతుంది. మీటరులో వందకోట్లో వంతే నానోమీటరు కాబట్టి, తిరుగుతున్న డిస్క్ కిందపడితే హెడ్ పలకను గీకే ప్రమాదం ఉంది. ఎండ కూడా దీనికి మంచిది కాదు. చాలా పోర్టబుల్ డిస్క్‌లను 35 డిగ్రీల లోపు పరిసరాల్లో వాడాలని తయారీదారులు సూచిస్తుండగా, నంద్యాల వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది.

లోపాలు ముఖ్యంగా మూడు రకాలు. ఏ ఫైలు ఎక్కడుందో తెలిపే పట్టిక, అంటే ఫైల్ సిస్టమ్, చెడితే డిస్క్ తిరుగుతుంది గాని కంప్యూటర్ ఫార్మాట్ చేయమంటుంది, దానికి ఒప్పుకోకూడదు. కేబులో, సర్క్యూట్ బోర్డో చెడితే డిస్క్‌లో అలికిడే ఉండకపోవచ్చు. అప్పుడు ముందుగా కేబులు, యూఎస్‌బీ పోర్టు మార్చి చూడాలి. టకటకమనే శబ్దమో, గీకుతున్న చప్పుడో వినిపిస్తే మాత్రం అది యాంత్రిక లోపమని భావించి, వెంటనే కనెక్షన్ తీసివేసి మళ్లీ పెట్టకుండా ఉండాలి.

శబ్దం లేని డిస్క్ కంప్యూటరుకు కనిపిస్తుంటే, డీడీరెస్క్యూ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దానిలోని సమాచారమంతటినీ ఉన్నదున్నట్టుగా మరో డిస్క్‌కు నకలు తీసి, ఆ నకలు మీదనే ఫొటోరెక్ వంటి సాధనంతో ఫొటోలను వెతకాలి. సీహెచ్‌కేడీఎస్‌కే వంటి మరమ్మతు ఆదేశాలు అసలు డిస్క్‌లోనే మార్పులు చేస్తాయి కాబట్టి, నకలు తీయకముందు వాటి జోలికి పోకూడదు. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పడం మరింత హానికరం: మొదటిదాని వల్ల లోపల తేమ చేరుతుంది, రెండోదాని వల్ల దుమ్ము చేరుతుంది. యాంత్రిక లోపాన్ని ధూళి లేని ప్రత్యేక గది, అంటే క్లీన్ రూమ్, ఉన్న రికవరీ సంస్థకే అప్పగించాలి; అయితే పలక బాగా గీసుకుపోయిన చోట సమాచారాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

అందుకే అసలు రక్షణ ముందుజాగ్రత్తలోనే ఉంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమం ప్రకారం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వేరే చోట ఒక ప్రతి ఉండాలి. ఆళ్లగడ్డ శిల్పశాలకు నంద్యాలలోని బంధువుల ఇల్లో, క్లౌడ్ నిల్వో ఆ వేరే చోటు కాగలదు. మరో చోట నకలు లేని ఫొటో ఏదైనా ప్రమాదంలో ఉన్నట్టే. డిస్క్ బాగా పనిచేస్తున్న రోజునే దాని రెండో ప్రతి తీసి పెట్టుకోవాలి.