మార్లవాయి అధ్యయనం

నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ అడవులను రిజర్వు చేయడంతో, తరతరాలుగా పోడు సాగుచేసుకొంటున్న గోండులు, కొలాములు చట్టం దృష్టిలో ఆక్రమణదారులయ్యారు. అటవీ సిబ్బంది గుడిసెలు తగులబెట్టగా ఊళ్లకు ఊళ్లే చెదరిపోయాయి. 1940లో జోడేఘాట్ కాల్పులలో కుమ్రం భీం అమరుడైన పిమ్మట, అలజడికి కారణాలు తెలుసుకొనే పని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు దక్కింది. విచిత్రమేమంటే, ఆస్ట్రియాలో జన్మించి జర్మన్ పాస్‌పోర్టు కలిగిన ఆయన కూడ యుద్ధకాలంలో హైదరాబాదు రాజ్యం దాటరాదన్న ఆంక్షకు లోబడినవాడే.

భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయిలో నివసించి, తగవుకు మూలం భూమియేనని ఆయన తేల్చాడు. గోండీ వాచకాలతో పాఠశాల వెలిసింది. వేలాది కుటుంబాలకు పట్టాలు లభించాయి. అయితే 1970 దశకంలో తిరిగి వచ్చి చూడగా, ఆ భూములలో పెక్కు వలస రైతుల, వడ్డీ వ్యాపారుల చేతులలో ఉన్నాయి. 1982లో వెలువరించిన గ్రంథంలో ఆయన ఆ సంగతి దాచలేదు.